ఇంటిల్లిపాదీ వినదగిన పుస్తకం

క్రైస్తవ కుటుంబాలలో పుస్తకం ఒక్కడి సొత్తు కాదు. కొనేవాడు ఒకడు, చదివేవాడు ఒకడు, వినేవాళ్ళు ఐదారుగురు. రాత్రి అన్నాలైన తరువాత చాప పరిచి, ఒక కీర్తన పాడి, వాక్యం చదివి, ఆ పైన ఏదైనా మంచి పుస్తకంలో నాలుగు పేజీలు చదువుకొని, ప్రార్థన చేసి పడుకోవటం మా వైపు పల్లెల్లో ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఉన్న అలవాటు. ఆ చాప మీద డెబ్భై దాటిన నాయనమ్మ ఉంటుంది. బడికి పోయే చెల్లెలు ఉంటుంది. పొద్దంతా చేలో పనిచేసి వచ్చి కునికిపాట్లు పడే నాయన ఉంటాడు. గోడ అవతల పక్కింటివాళ్ళు కూడా వింటూనే ఉంటారు. కాబట్టి హాస్టలు గదిలో ఒక్కడే చదువుకొనే పుస్తకాన్ని ఎంచుకోవటం వేరు, ఆ చాప మీద చదివే పుస్తకాన్ని ఎంచుకోవటం వేరు. హాస్టల్లో నచ్చకపోతే మూసి పక్కన పడేస్తాం. ఇంట్లో ఒకసారి బిగ్గరగా చదివిన మాటను మళ్ళీ వెనక్కి తీసుకోలేం గదా!

“సెలవులకి ఇంటికి పోతున్నాను, ఇంట్లో చదువుకోదగిన క్రైస్తవ పుస్తకం ఒకటి చెప్పవోయ్” అని మిత్రులు కొందరు నన్ను అడుగుతూ ఉంటారు. నేను సైన్సు విద్యార్థిని. వేదాంత విద్య చదివినవాణ్ణి కాను. అయితే మా ఇంట్లో తడబడకుండా చదవగలిగేది నేనే కావటంతో, చిన్నప్పటినుంచీ చదివే పని నా మీద పడింది. కాలేజీలో చేరిన తరువాత పుస్తకం ఎంచి తెచ్చే పని కూడా నాదే అయింది. ఆ అనుభవంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పుస్తకాలకు కొదవ లేదు. కూటాలు జరిగే పందిళ్ళ దగ్గర బల్లల నిండా ఉంటాయి. అట్ట మీద సిలువ బొమ్మ ఉంటుంది, లోపల పుటపుటకూ వచనాల సంఖ్యలుంటాయి, మొదట్లో పెద్దవాళ్ళ ముందుమాట ఉంటుంది. ఇవన్నీ ఉన్నంత మాత్రాన అది ఆరోగ్యకరమైన పుస్తకమేనా అన్నది ప్రశ్న. ఎరువుల కొట్లో సంచి మీద రంగు రంగుల బొమ్మ చూసి మందు కొనే రైతు లేడు. లోపల ఏముందో చదివించుకొని, ఆ మందు ముందు వాడినవాణ్ణి అడిగి మరీ కొంటాడు. ఆత్మకు సంబంధించిన సరుకు దగ్గరకు వచ్చేసరికి మనం అంత జాగ్రత్త కూడా పడటం లేదు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2021లో మా పల్నాటి మిర్చి చేలను నల్ల తామర పురుగు పట్టింది. మాకు రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. పూత మీద ఉన్న చేను పూత మీదే పోయింది. మందు మీద మందు కొట్టినా పురుగు పువ్వు లోపల దాక్కొని బతికింది. 2022 సంక్రాంతి పోయిన తరువాత పట్నం నుంచి మా మేనత్త వచ్చింది. వస్తూ వస్తూ ఒక చిన్న పుస్తకం తెచ్చింది. ఆమెది మంచి మనసే. తమ్ముడి బాధ చూడలేక తెచ్చింది. ఆ రాత్రి ప్రార్థనలో ఆమే చదివింది.

ఆ పుస్తకం సారాంశం ఇది. దేవునికి ఇవ్వవలసినది ఇవ్వనివాడి పంటను పురుగు తింటుంది. కానుక అనేది విత్తనం. ఎంత విత్తితే అంతకు నూరంతలు వస్తుంది. అప్పుల్లో ఉన్నవాడు అప్పు చేసి అయినా సరే ముందు ‘విత్తనం’ వేయాలి. చివరి పేజీలో డబ్బు పంపవలసిన ఖాతా నంబరు ఉంది.

చదవటం అయిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. మా చెల్లెలు అప్పటికి మూడో తరగతి. “అన్నయ్యా, మనం తప్పు చేశామనేనా పురుగొచ్చింది?” అని నన్ను అడిగింది. నాయన ముఖం ఎత్తలేదు. కొంతసేపటికి, “విత్తనం సంగతి నాకు తెలుసక్కా. మొలవకపోతే నేల చూస్తాం, నీళ్ళు చూస్తాం, విత్తనం ఇచ్చినోణ్ణి పోయి అడుగుతాం. వేసినోడిదే పాపమని ఎవడూ అనడు. విత్తనాల సంచి మీద మొలక శాతం అచ్చేసి ఉంటది. ఈ పుస్తకం మీద ఏమేసుంది?” అన్నాడు.

మా అమ్మ మాత్రం ఆ మాటకు నవ్వలేదు. తాకట్టు పెట్టి పురుగుమందుల బాకీ కట్టగా మిగిలిన డబ్బు ఆమె దగ్గరుంది. అందులోంచి కొంత పంపుదామన్నది. “మీకేం, వాదించి పడుకుంటారు. నాకు ఏదో ఒకటి చెయ్యాలనుంది” అన్నది. ఆ మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు. అటువంటి పుస్తకాలు తెలివితక్కువవాళ్ళ కోసం పుట్టినవని పట్నవాసులు అనుకొంటారు. కాదు. ఏదో ఒకటి చెయ్యాలని తపించే తల్లుల కోసం పుట్టినవి. వాటి బలమంతా అక్కడే ఉంది.

ఆ రాత్రి తగువు తీర్చింది నాయనమ్మ. ఆమెకు అక్షరం ముక్క రాదు. పందొమ్మిదవ శతాబ్దపు భక్తకవి పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మాత్రం చాలా వరకు నోటికి వచ్చు. “ఆ పుస్తకం అట్లా పెట్టి యోబు తియ్యి అబ్బాయ్” అన్నది. యోబు తీశాను. పశువులు పోయినవాడు, బిడ్డలు పోయినవాడు, ఒళ్ళంతా పుండ్లయినవాడు ఆయన. ఓదార్చటానికి వచ్చిన ముగ్గురు స్నేహితులూ అన్నది ఆ చిన్న పుస్తకం అన్నదే. నువ్వు ఏదో పాపం చేసి ఉంటావు, లేకుంటే నీకిట్లా ఎందుకు జరుగుతుందన్నారు. గ్రంథం చివర దేవుడు కోపగించుకొన్నది యోబు మీద కాదు, ఆ ముగ్గురి మీద. ఈ సంగతి అంతకు ముందు ఎన్నిసార్లు చదివినా మాకు అంతగా తట్టలేదు. డబ్బు పంపలేదు. అత్త కొంచెం నొచ్చుకొన్నది గాని తరువాత సర్దుకొన్నది.

మర్నాడు చెల్లెలికి జవాబు చెప్పవలసిన పని నాకు మిగిలింది. రెండు రకాల జవాబులు చెప్పాను. ఒకటి సువార్తల నుంచి. పుట్టుగుడ్డివాడిని చూసి ఎవరి పాపం వల్ల వీడిట్లా పుట్టాడని శిష్యులు అడిగితే, ప్రభువు వాడిదీ కాదు, వాడి తల్లిదండ్రులదీ కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది తక్కినవాళ్ళకంటే పాపులు కారని కూడా ఆయనే అన్నాడు. ఇక నూరంతల పంట మాట. విత్తువాని ఉపమానంలో విత్తనమంటే వాక్యమని ఆయనే విడమరచి చెప్పాడు. రూపాయలని ఎక్కడా చెప్పలేదు.

రెండో జవాబు సైన్సు నుంచి. ఆ పురుగు బయటి దేశాల నుంచి వచ్చింది. మన దేశంలో మొట్టమొదట 2015లో బెంగుళూరు ప్రాంతంలో బొప్పాయి మీద కనిపించింది. మెల్లగా మిర్చికి పాకింది. దాన్ని తినే మిత్రపురుగులు మనం కొట్టిన మందులకు చచ్చిపోతే దానికి మరీ అదును దొరుకుతుంది. ఇందులో ఎవరింటి దశమభాగం లెక్కా లేదు. దశమభాగం తప్పకుండా ఇచ్చేవాళ్ళ చేలూ, ఇవ్వనివాళ్ళ చేలూ, గుడికి పోయేవాళ్ళ చేలూ ఒక్కమాదిరే ఎండినాయి. ఎండా వానా నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా ఒక్కమాదిరే పడతాయని కొండమీద ప్రసంగంలోనే ఉంది గదా!

ఈ గొడవంతా అయిన తరువాత నాకు తేలినది ఒక్కటే. ఇంట్లో చదివే పుస్తకాన్ని పరీక్షించవలసింది అట్టను చూసి కాదు, రాసినవాడి బిరుదులు చూసీ కాదు. ఆ చాప మీద కూర్చొన్నవాళ్ళలో అందరికన్నా దిగులుతో ఉన్న మనిషిని ఆ పుస్తకం ఏం చేస్తుందో చూడాలి. ఆ మనిషి మీద నేరం మోపుతుందా, ఆ మనిషి దగ్గర డబ్బు అడుగుతుందా, లేక పక్కన కూర్చొని నిజం చెబుతుందా?

దీన్నిబట్టి నేను కొన్ని నియమాలు పెట్టుకొన్నాను. మొదటిది, పుస్తకం అబద్ధం ఆడకూడదు. మందులు మింగటం అవిశ్వాసమని రాసిన పుస్తకం మా ఇంట్లోకి రాదు. మా నాయనమ్మకు షుగరుంది. సువార్త రాసిన లూకా వైద్యుడని కొలొస్సయుల పత్రికలో ఉంది. అట్లాగే లోకాంతానికి తేదీ చెప్పే పుస్తకం కూడా రాదు. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు లెక్కలు కట్టగా, ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురు చూశారు. 23వ తేదీ మామూలుగానే తెల్లవారింది. లెక్క తప్పితే లెక్కను దిద్దుకోవటం మా లాబరేటరీలో మొదటి పాఠం. ఆ తరువాత కూడా ఎంతమందో కొత్త తేదీలు చెబుతూనే ఉన్నారు. పిల్లలు భయపడుతూనే ఉన్నారు.

రెండవది, పుస్తకం పొరుగువాణ్ణి హీనంగా చూడకూడదు. కొన్ని పుస్తకాల్లో భక్తి తక్కువ, ఇతరుల దేవుళ్ళను వెక్కిరించటం ఎక్కువ. మా పక్కింటి అత్త శ్రీరామనవమికి మాకు పానకం పంపుతుంది. క్రిస్మస్‌కు మేము ఆమెకు పిండివంటలు పంపుతాం. వరి కోతలప్పుడు ఒకరికొకరం సాయం. గోడ అవతల ఆమె వింటూ ఉండగా చదవటానికి సిగ్గుపడవలసిన పేజీ ఉన్నదంటే, ఆ పేజీ గోడ ఇవతల కూడా పనికిరాదని నా నిశ్చితాభిప్రాయం.

మూడవది, చదివితే చెవికి ఎక్కాలి. ఇంగ్లీషు నుంచి మాటకు మాట పెట్టి దించిన పుస్తకాలు చాలా ఉన్నాయి. లోపల మంచి విషయమే ఉంటుంది గాని, వాక్యం పూర్తయ్యేలోగా నాయన నిద్రపోతాడు. కొనే ముందు ఒక పేజీ పైకి చదివి చూడటం మంచిది. నోరు తిరగని పుస్తకం ఎంత గొప్పదైనా ఒంటరిగా చదువుకొనేవాళ్ళకే వదిలేయాలి.

నియమాలు చెప్పటం తేలిక. చెడ్డ పుస్తకాన్ని బయట పెట్టినంత మాత్రాన పని పూర్తికాదు. ఏదో ఒకటి చెయ్యాలని తపించిన మా అమ్మ చేతికి దానికన్నా మంచిది ఏదో అందించాలి గదా! కాబట్టి మా ఇంట్లో నిలిచిన పుస్తకాలు కొన్ని చెబుతాను.

మొట్టమొదట ‘యాత్రికుని ప్రయాణము’. దీన్ని రాసిన జాన్ బన్యన్ 1628లో ఇంగ్లండులో పుట్టాడు. పాత్రలకు మాట్లు వేసుకొని బతికినవాడు. అనుమతి లేకుండా బోధిస్తున్నాడని 1660లో పట్టుకొని పన్నెండేళ్ళు జైల్లో పెట్టారు. బయట భార్య, బిడ్డలు, అందులో చూపు లేని కూతురు. 1678లో అచ్చయిన ఈ పుస్తకంలో బరువు మోస్తూ బయలుదేరిన యాత్రికుడు మొదటే నిరాశ అనే బురదలో దిగబడతాడు. ఆ భాగం చదువుతుంటే మా నాయన నిద్ర మానుకొని విన్నాడు. అయితే మా అమ్మ ఊరుకోలేదు. “పెళ్ళాం బిడ్డల్ని వదిలేసి తనొక్కడే మోక్షానికి పోవటం ఏం భక్తిరా?” అన్నది. న్యాయమైన ప్రశ్నే. బన్యన్ 1684లో రెండో భాగం రాశాడు. అందులో ఆ భార్యే నలుగురు కొడుకుల్ని వెంటబెట్టుకొని అదే దారిన బయలుదేరుతుంది. ఆ భాగం మా అమ్మ పుస్తకమయింది. దారిలో ఎక్కడా ఆ తల్లికి నూరంతల ధనం రాలేదు. తోడు మాత్రం దొరికింది.

రెండవది, గుర్రం జాషువా గారి ‘క్రీస్తు చరిత్ర’. ఆయన 1895లో మా పల్నాటి వినుకొండలోనే పుట్టారు. అంటరానితనాన్ని అనుభవించి, పద్యంతోనే దాన్ని ఎదిరించిన మహాకవి. ఈ కావ్యానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. అర్థం పూర్తిగా తెలియకపోయినా పద్యం వినటానికి మా నాయనమ్మకు ఇష్టం. ఒకనాడు గోడ అవతల నుంచి పక్కింటి అత్త, “ఆ పద్యం మళ్ళీ చదువబ్బాయ్” అన్నది. నా రెండో నియమానికి అంతకన్నా రుజువు అక్కర లేదు.

మూడవది, టాల్‌స్టాయ్ 1886లో రాసిన చిన్న కథ. మనిషికి ఎంత భూమి కావాలి అన్నది విషయం. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేలోగా ఎంత నేల చుట్టివస్తే అంతా నీదే, వెయ్యి రూబుళ్ళు చాలునంటారు. పాఖోం అనే రైతు ఆశకొద్దీ చాలా దూరం నడిచి, ఆయాసపడుతూ తిరిగి వచ్చి, బయలుదేరిన చోటే పడి చనిపోతాడు. చివరకు పూడ్చటానికి పట్టినంత నేల చాలింది. మా నాయన అంతా విని, “ఆ వెయ్యీ అప్పు తెచ్చాడా, సొంతవా?” అని అడిగాడు. సొంతవేనన్నాను. “అయితే మాకన్నా నయమేరా” అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వాం. పంట పోయిన తరువాత మా నాయన అట్లా నవ్వటం చాలా అరుదు. టాల్‌స్టాయ్‌ని 1901లో రష్యన్ ఆర్థడాక్స్ సంఘం వెలివేసింది, ఆయన కథ ప్రార్థన చాప మీద చదవవచ్చునా అని మా సంఘంలో ఒక పెద్దాయన అడిగారు. ముందుమాటలు ఉన్న పుస్తకం మమ్మల్ని ఏం చేసిందో చూశాం, వెలిపడినవాడి కథ ఏం చేసిందో కూడా చూశామని వినయంగా మనవి చేశాను.

నాలుగవది ఇడా స్కడ్డర్ గారి జీవితం. ఆమె మిషనరీ వైద్యుల కుటుంబంలో 1870లో మన దక్షిణ దేశంలోనే పుట్టింది. మిషనరీ కావటం ఆమెకు ఇష్టం లేదు. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు వేరువేరుగా వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమన్నారు. ఆమె తండ్రి వైద్యుడైనా మగవాడని ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్ళి వైద్యం చదివి తిరిగి వచ్చి, 1918లో వేలూరులో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టింది. మన పల్లెల్లో జబ్బు ముదిరితే ‘రాయవేలూరు తీసుకుపొండి’ అంటారే, ఆ ఆసుపత్రి ఆమెది. ప్రార్థనా మందూ ఒకదానికొకటి శత్రువులు కావని చెల్లెలికి చెప్పటానికి నాకు వేరే ఉపన్యాసం అక్కర లేకపోయింది.

చివరగా ఒక ఇంగ్లీషు పుస్తకం సంగతి. ఒంగోలులో పనిచేసిన జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జ్ఞాపకాలు 1914లో, ఆయన పోయిన తరువాత, అచ్చయినాయి. నేను లైబ్రరీలో చదివి, ఇంట్లో తెలుగులో కథగా చెప్పాను. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే పని తీసుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చి అడిగితే ఇవ్వలేదు. బియ్యం కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు తీరినదాకా ఆపాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. చేతిలో తిండి ఉండి కూడా దాన్ని విశ్వాసంతో బేరం పెట్టనివాడు ఒకడు, కరువులో ఉన్నవాడి దగ్గర ఖాతా నంబరు పెట్టి విశ్వాసం అమ్మేవాడు ఒకడు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే బైబిలు. అందుకే పుస్తకం మీద పేరు చూసి మోసపోరాదంటున్నాను.

మిత్రులలో కొందరు, ఇంత తర్కం ఎందుకు, బైబిలు ఒక్కటి చాలదా అంటారు. చాలు. కాని ఆ బైబిల్లోనే ఏడుపున్న కీర్తనలున్నాయి, యోబు ప్రశ్నలున్నాయి, పంటా పశువులూ అన్నీ పోయిన తరువాత కూడా దేవుని ముందు నిలబడ్డ హబక్కూకు ఉన్నాడు. ఆ భాగాలు దాటేసి, దీవెనల వచనాలు మాత్రమే ఏరి అచ్చువేసిన పుస్తకాలే మన ఇళ్ళలోకి ఎక్కువగా వస్తున్నాయి. ఆరోగ్యకరమైన పుస్తకమంటే తీపి మాటల పుస్తకం అనుకోరాదు. ఆరోగ్యానికి కాకరకాయ కూడా కావాలి.

చదువుకొన్న బిడ్డ సంచిలో తెచ్చిన పుస్తకాన్ని ఇంట్లోవాళ్ళు అనుమానించరు. మనమీద వాళ్ళకున్న నమ్మకం అటువంటిది. కాబట్టి ఈ సెలవులకు పుస్తకం పట్టుకొనిపోయే సోదర సోదరీమణులకు నా మనవి ఒక్కటే. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ముందు మీరు చదవండి. ఒక పేజీ పైకి చదవండి. చివరి పేజీలో ఖాతా నంబరు ఉంటే మాత్రం రెండోసారి చదవండి.